కుట్టేసిన చివరి పేజీలు

పోయిన నెల మా మేనత్త సంవత్సరీకానికి మద్రాసు వెళ్లాను. పేరు మార్చింది 1996లో. ఇన్నేళ్లయినా చెన్నై అనడం నా నోటికి అలవాటు కాలేదు. టికెట్ మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు.

భోజనాలయ్యాక బావ అటక మీదనుంచి ట్రంకుపెట్టె దించాడు. మూత ఎత్తగానే వాసన గుప్పుమంది. కలరా ఉండలు, పాత న్యూస్‌ప్రింటు, ఉడికించిన మైదా జిగురు. వాటి కింద ఎక్కడో కుట్టుమిషన్ నూనె. ఆ చివరి వాసన రాగానే నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. మోకాళ్ల నొప్పులవల్ల అనుకుంది బావ మనవరాలు, కుర్చీ తెచ్చింది.

ఆ పిల్ల ప్లస్ టూ పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. పెట్టెలో పుస్తకాలు చూసి అడిగింది.

"తాతా, లీవ్‌లో చదవడానికి మంచి సస్పెన్స్ బుక్స్ చెప్పు. అందరూ అబద్ధాలు చెప్పేవి. ఎవరిని నమ్మాలో లాస్ట్ దాకా తెలియకూడదు."

అలాంటివి చెప్పడానికి నాకంటే అర్హత ఉన్న మనిషికే కదమ్మా మధ్యాహ్నం మీ తాత పిండం పెట్టింది అనబోయి ఆగాను. అప్పటికి ఏవో రెండు మూడు పేర్లు చెప్పాను. ఫోన్‌లో రాసుకుంది. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

*

పరీక్షలు అయిపోయిన మర్నాడే మమ్మల్ని నెల్లూరులో రైలెక్కించేసేవారు. నేను, మా చెల్లెలు, పెద్దనాన్నగారి ఇద్దరు పిల్లలు, ఒక గోనెసంచి నిండా మామిడికాయలు. గూడూరు దాటితే మా లెక్కలో సగం వచ్చేసినట్టు. సెంట్రల్ స్టేషన్‌లో బావ నిలబడి ఉండేవాడు, మాకంటే మూడేళ్లు పెద్ద. ఎదురుగా పార్క్ స్టేషన్‌కి నడిచి, ఎలక్ట్రిక్ ట్రైన్‌లో మాంబళం. అక్కడినుంచి పానగల్ పార్కు పక్కగా నడక. ఆ పార్కుకి పేరు ఇచ్చిన పానగల్ రాజా పుట్టింది మన కాళహస్తిలోనే అని అత్త ప్రతి ఏడూ చెప్పేది, ఆయన మాకు దగ్గర చుట్టమన్నంత ధీమాగా.

అత్త వాళ్లది పాండీ బజార్ వెనక సందులో కింది పోర్షన్. రెండు గదులు, వంటింట్లోనే స్నానాల మూల, వాకిట్లో అయిదిళ్లవాళ్లకీ కలిపి ఒకే కొట్టుడు పంపు. కిటికీ పక్కన ఉషా కుట్టుమిషన్. అత్త జాకెట్లు కుట్టేది. చీరలకి ఫాల్స్ వేసేది. కోడంబాక్కం దగ్గరే కాబట్టి జూనియర్ ఆర్టిస్టులు కూడా వచ్చేవారు. ఆ ఆడవాళ్లు కొలతలిస్తూ గుసగుసగా చెప్పుకునే కబుర్లు మేం గోడకి ఆనుకుని వినేవాళ్లం. మా వీధిలో ఎవరి జాకెట్టు కుట్లు విప్పి వదులు చేయమన్నారో, ఎవరిది బిగించమన్నారో అత్తకు తెలుసు. అందులోనుంచి ఆమెకు ఇంకా చాలా తెలిసేవి. కుట్లు విప్పేది గానీ నోరు విప్పేది కాదు.

మామ బొంబాయిలో ఉద్యోగం. అలా అని మాకు చెప్పారు.

*

మే 4 ప్రాంతంలో అగ్నినక్షత్రం మొదలవుతుంది మద్రాసులో. 28 దాకా ఊరు ఊరంతా పెనం మీద అట్టు. పదింటికల్లా తలుపులు మూసి, కిటికీకి తడిపిన పాత చీర కట్టేవారు. అత్త మిషన్ తొక్కుతూ ఉండేది. మేం నేల మీద బోర్లా పడుకుని చదివేవాళ్లం. చెమటకి బొడ్డు దగ్గర నేల చెమ్మగా అయ్యేది. రెండున్నర, మూడింటికి ఒక్కసారిగా ఆ తడిచీర లోపలికి ఉబ్బేది. సముద్రపు గాలి! నలుగురం ఒకేసారి "వచ్చేసింది" అని అరిచేవాళ్లం. పక్క పోర్షన్ అరవ మామి ఎవరు వచ్చారోనని ప్రతిసారీ తొంగి చూసేది.

పుస్తకాలు అద్దె లైబ్రరీవి. లైబ్రరీ అంటే ఏదో అనుకునేరు. రెండు బీరువాలంత వెడల్పున్న కొట్టు. బనీనుతో విసనకర్ర పట్టుకుని కూర్చునే ఒంగోలు వైపు పెద్దమనిషి. అయిదు రూపాయలు డిపాజిట్టు, పుస్తకానికి రెండు రోజులకి పావలా. అన్నిటికీ ఒకే రకం ఖాకీ కాగితం అట్ట, వీపు మీద నంబరు. లోపల ఏముందో బయటికి తెలిసేది కాదు. ఇంట్లో పెద్దవాళ్ల కంట పడకుండా డిటెక్టివ్ పుస్తకాలు చదివే పిల్లలకి అంతకంటే ఏం కావాలి? మా ఇంట్లో మాత్రం పెద్దదే వాటికి మొదటి పాఠకురాలు.

అప్పట్లో మా పాలిట మద్రాసంటే యుగంధర్ ఉండే ఊరు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని ఆ డిటెక్టివ్, ఆయన అసిస్టెంట్ రాజు తిరిగే వీధుల్లోనే మేమూ పాల ప్యాకెట్ల కోసం తిరుగుతున్నామంటే ఒళ్లు జలదరించేది. మౌంట్ రోడ్డులో పెద్ద కారు ఏది ఆగినా అందులోనుంచి దిగేది ఎవరా అని చూసేవాళ్లం. దిగేది సాధారణంగా చీరల కోసం వచ్చిన లావుపాటి ఆవిడ.

ఆ అద్దె పుస్తకాలతో ఒక గొడవుంది. మనకంటే ముందు చదివినవాళ్లు పెన్సిల్‌తో రాసేసేవారు. పద్నాలుగో పేజీలో డాక్టరు గుమ్మంలోకి అడుగు పెడతాడో లేదో, పక్కన "వీడే" అని ఉండేది. ఇంకొకడు దాన్ని కొట్టేసి "కాదు, తమ్ముడు" అని రాసేవాడు. కొందరు కావాలనే తప్పు పేరు రాసేవారు. అబద్ధాల పుస్తకం మీద మళ్లీ ఇంకో అబద్ధం.

దీనికి తోడు మా బావకి చివరి పేజీ ముందు చదివే దరిద్రపు అలవాటు. చదివి ఊరుకోడు. మనం మంచి పట్టులో ఉండగా కాళ్లు చాపుకుని "పాపం ఆ లాయరు" అని నిట్టూరుస్తాడు. ఒకసారి మా చెల్లెలు వాడి చెవి కొరికింది. నిజంగానే, రక్తం వచ్చేలా.

ఆ రోజు అత్త పుస్తకం తీసుకుని, సూదిలో తెల్ల దారం ఎక్కించి, చివరి పది పేజీలు అంచు వెంబడి కుట్టేసింది. జాకెట్టుకి మొదట వేసే వదులు కుట్టులాంటిది. లాగితే ఊడొచ్చేస్తుంది. కానీ అత్త వేసిన కుట్టు లాగే ధైర్యం ఎవరికుంది? మేం చేయగలిగిందల్లా పుస్తకం ఎండకి ఎత్తి పట్టుకుని కుట్ల సందుల్లోంచి తొంగి చూడడమే.

అప్పటినుంచి ప్రతి పుస్తకానికీ అదే. చదివి వాపసు ఇచ్చేటప్పుడు దారం తీసేసినా సూది రంధ్రాలు ఉండిపోయేవి కదా. లైబ్రరీ ఆయన ఒకరోజు పేజీలు వెలుతురుకి పెట్టి చూసి, "మీ ఇంటికి వెళ్లిన పుస్తకాలకే పురుగు పడుతోందమ్మా. ఇంత తిన్నగా, ఇంతింత ఎడంగా తినే పురుగుని నేనెక్కడా చూడలేదు" అన్నాడు. అత్త ముఖం చూస్తే ఆ పురుగు సంగతి తనకీ ఇప్పుడే తెలిసినట్టుంది. "మందు చల్లించండి" అని వచ్చేసింది.

*

కుట్లు విప్పేది రాత్రి, మిద్దె మీద.

సాయంత్రం అయిదారు బిందెలు మోసి మిద్దె తడపాలి. నీళ్లు పడగానే సుయ్‌మనేది, ఒక మట్టివాసన లేచేది. నీళ్లకి కరువు వచ్చిన ఏళ్లలో ఈ భోగం ఉండేది కాదు. లారీ నీళ్లు బిందె లెక్కన పట్టుకుని మిద్దె తడుపుతామంటే అయిదిళ్లవాళ్లూ కలిసి మమ్మల్నే తడిపేసేవారు. చాపలు పరిచి, పెరుగన్నం తిని, హరికేన్ లాంతరు మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. పైన కరెంటు దీపం లేదు.

అత్త మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎవరెవరు అబద్ధం చెప్పారు?"

హంతకుడెవరని కాదు. ముందు అబద్ధాల లెక్క తేలాలి. వంటవాడు ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నానన్నాడు, లేడు. ఎందుకన్నాడు? సెకండ్ షోకి పోయాడు గనక. సరే, వాడిని వదిలెయ్. చెల్లెలు ఉత్తరం చూడలేదంది, చూసింది. ఎందుకంది? అందులో తన ప్రేమ సంగతుంది. సరే. మేనేజరు గడియారం ఆగిపోయిందన్నాడు... ఇలా. మేం ఆవేశంగా "వాడు అబద్ధం చెప్పాడంటే వాడే చంపాడు" అంటే, "అబద్ధం చెప్పినోళ్లంతా హంతకులైతే మన వీధిలో ఒక్కడు మిగలడ్రా" అనేది.

పేరు, కారణం చెప్పాక ఒక్కొక్కరి మాటా బావ పలక మీద రాసేవాడు. అప్పుడు అత్త దారం కొసని పళ్లతో కొరికి సర్రున లాగేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. తర్వాత లాంతరు దగ్గరికి జరిగి, చివరి పది పేజీలు ఆమే చదివేది, గొంతు ఎక్కడా పెంచకుండా, రేషన్ కార్డు చదివినట్టు. అలా చదివితేనే భయంగా ఉండేది.

ఈ రోజుల్లో సస్పెన్స్ అంటే మూడు పేజీలకో శవం పడాలి అనుకుంటున్నారు. నాకది ఎక్కదు. చిన్నప్పుడు మా నాలుక పాడు చేసింది అత్తే. ఇంట్లోవాళ్లంతా భోజనానికి కూర్చుని, ఒకళ్లకొకళ్లు అన్నం వడ్డించుకుంటూ, నలుగురూ నాలుగు అబద్ధాలు చెప్పుకునే కథ కావాలి నాకు.

*

నెలకోసారి మూర్ మార్కెట్. పార్క్ స్టేషన్‌లో దిగితే సెంట్రల్ పక్కనే ఎర్రటి కట్టడం. పావురాలు, చిలకలు, గ్రామఫోను రికార్డులు, పాత గడియారాలు. ఆ గోలలో వరసగా పాత పుస్తకాల కొట్లు. అత్తకి అరవం బాగా వచ్చు, బేరానికి కూర్చుంటే ఇంకా బాగా వచ్చేది. అట్టల్లేని తెలుగు నవలలు ఒక మూల గుట్టగా పోసి ఉండేవి. వాటిలో కొన్నింటికి చివరి పేజీలుండవు. వాళ్లు సగం ధరకి ఇచ్చేవారు. అత్త వాటిని కావాలని ఏరుకునేది. "దీనికి కుట్టే పని కూడా లేదు" అనేది. అలాంటి పుస్తకానికి ముగింపు మేమే చెప్పుకోవాలి. మా చెల్లెలు చెప్పిన ఒక ముగింపులో హంతకుడు కుక్క. అత్త చాలాసేపు ఆలోచించి, "కుదురుతుందే" అంది.

1985 మే నెలలో మూర్ మార్కెట్ తగలబడిపోయింది. అప్పటికి నేను మద్రాసులోనే కాలేజీలో ఉన్నాను. అత్త బలవంతం మీద మూడోరోజు వెళ్లాం. దగ్గరికి పోనివ్వలేదు. గాల్లో నల్లటి కాగితపు పొరలు ఇంకా ఎగురుతున్నాయి. ఒకటి అత్త భుజం మీద వాలింది. ఆమె దులుపుకోలేదు, ఇంటికి వచ్చేదాకా అలాగే ఉంచుకుంది. ఇప్పుడు అక్కడ సబర్బన్ రైళ్ల స్టేషన్. టైం టేబుల్లో దాని పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. పుస్తకాల కొట్లవాళ్లకి ఆ వెనకే అల్లికుళంలో చోటిచ్చారు. ఒకటి రెండుసార్లు వెళ్లాను. మనసు పట్టలేదు.

*

పుస్తకాలు అయిపోయిన రాత్రుళ్లు అత్త మద్రాసు కథలు చెప్పేది. పిల్లలకి చెప్పే కథలేనా అవి అంటే, కావు.

ఊళ్లో పెద్దవాళ్ల గుట్టు పత్రికలో వేసి బతికిన లక్ష్మీకాంతన్‌ని 1944లో వేపేరి దగ్గర పొడిచి చంపడం, ఆ కేసులో త్యాగరాజ భాగవతార్ అంతటి నటుడు జైలుకి పోయి 1947లో బయటపడడం ఒకటి. దాన్ని అత్త తొందరగా ముగించేసేది. ఆమెకిష్టమైనది ఆళవందార్ హత్య.

1952 ఆగస్టు. చైనా బజార్లో ఒక పెన్నుల షాపు ముందు చోటు అద్దెకి తీసుకుని సామాన్లు అమ్ముకునే మనిషి ఆళవందార్. ఒకరోజు ఇంటికి రాలేదు. బోట్ మెయిల్ అనే రైల్లో ఒక ట్రంకుపెట్టెలోంచి దుర్వాసన వస్తోందని జనం గొడవ చేస్తే మానామదురైలో దించి తెరిచారు. లోపల తల లేని శవం. తల తర్వాత రాయపురం సముద్రపుటొడ్డున ఇసుకలో దొరికింది. అతనితో పరిచయం ఉన్న దేవకి అనే ఆమె, ఆమె భర్త ప్రభాకర మీనన్. వాళ్లిద్దరినీ పట్టుకున్నది బొంబాయిలో. కోర్టులో అతనికి ఏడేళ్లు, ఆమెకి మూడేళ్లు పడ్డాయి.

ఇక్కడ ఆపి అత్త మమ్మల్ని అడిగేది. "హత్య కేసులో ఆయనకి ఏడేళ్లే ఎందుకేశారో చెప్పండి." మేం చట్టం, సాక్ష్యం అంటూ ఏదో అనేవాళ్లం. అత్త లాంతరు ఒత్తి సర్దుతూ, "ఆ ఇంట్లో ఏం జరిగిందో జడ్జీకి అర్థమయ్యుంటుంది" అనేది. తర్వాత, "అందరూ బొంబాయికే పోతారు పారిపోయి" అని నవ్వేది.

పెళ్లయిన కొత్తలో మామ ఆమెను ఒకే ఒక్క సస్పెన్స్ సినిమాకి తీసుకెళ్లాడట. 1954లో వచ్చిన 'అంద నాళ్'. ఎస్. బాలచందర్ తీసింది, ఏవీఎం వాళ్లది. జపాన్ వాళ్లు 1943లో మద్రాసు మీద బాంబులు వేసిన రోజుల్లో జరిగే హత్య కథ. ఒక్క పాట లేదు. ఒక్కో మనిషిని విచారిస్తుంటే ఒక్కో రకంగా బయటపడుతుంది. మామ పాటల్లేవని సగంలో లేచిపోదామన్నాడట. అత్త కదల్లేదు. ఆ ముగింపు తలుచుకుని ఎప్పుడూ ముసిముసిగా నవ్వేది. ఎందుకో నేను చెప్పను. మామతో కలిసి చూసిన సినిమా అన్నాను కదా, ఆ సినిమా చూసినవాళ్లకి తెలుస్తుంది.

*

మామ దగ్గర్నుంచి నెలనెలా మనియార్డర్ వచ్చేది. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కింద కూపను చింపి ఇచ్చేవాడు. కూపను మీద రెండు ముక్కలు. "క్షేమం. అందినట్టు తెలియజేయవలెను." అత్త దాన్ని చదవకుండానే మిషన్ సొరుగులో పడేసేది.

ఆ ఏడు నేను ఏడో తరగతి రాసి వచ్చాను. దారం రీలు కోసం సొరుగు తీస్తే కూపను చేతికొచ్చింది. వెనక గుండ్రటి పోస్టాఫీసు ముద్ర. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. బొంబాయి కాదు. పెరంబూర్.

ఇంకోటి తీశాను. పెరంబూర్. ఇంకోటి. అదే.

పెరంబూర్ ఎక్కడుందో నాకు తెలుసు. సెంట్రల్‌కి వచ్చేటప్పుడు మా రైలుకి సిగ్నల్ ఇవ్వకపోతే అటుపక్కే ఎక్కడో ఆగేది. రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది అక్కడ. బస్సులో గంట. మామ గంట దూరంలో ఉంటూ బొంబాయిలో ఉన్నానని అబద్ధం చెబుతున్నాడు!

నాకు కోపం రాలేదు, సంబరం వచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. రెండు వేసవులు మిద్దె మీద కూర్చుని నేర్చుకున్న విద్య మొదటిసారి పనికొచ్చింది. ఎవరికీ చెప్పకుండా రాత్రిదాకా బిగబట్టుకున్నాను. ఆ రోజు చదివింది మూర్ మార్కెట్‌లో కొన్న అట్టలేని పుస్తకం. అత్త "ఎవరెవరు అబద్ధం చెప్పారు?" అనగానే నేను అందుకున్నాను.

"నేనొక కథ చెప్తా అత్తా. ఒకాయన బొంబాయిలో ఉన్నానంటాడు. ఆయన పంపే మనియార్డర్ మీద మాత్రం పెరంబూర్ ముద్ర ఉంటుంది. చెప్పుకోండి చూద్దాం, ఎవరిది అబద్ధం?"

బావ నా తొడ మీద గట్టిగా గిల్లాడు. చీకట్లో వాడి ముఖం కనపడలేదు గానీ ఆ గిల్లుడుతో అర్థమైంది, వాడికి ముందే తెలుసు.

అత్త ఒళ్లో పుస్తకం పెట్టుకుని అలాగే కూర్చుంది. కింద పంపు దగ్గర ఎవరో బిందె కడుగుతున్నారు.

"ఆయన ఎప్పుడన్నా చెప్పాడా నీతో, బొంబాయిలో ఉన్నానని?" అంది చివరికి.

ఆలోచించాను. మామని నేను చూసిందే రెండుసార్లు. చెప్పలేదు.

"మరి ఎవరు చెప్పారు?"

నాయనమ్మ. నాయనమ్మకి ఎవరు చెప్పారు? నోరు తెరిచి మూసేశాను. నాయనమ్మకి నెల్లూరుకి ఉత్తరాలు రాసేది అత్తే.

"అమ్మకి గుండె మంచిది కాదురా" అంది. అంతే. లేచి చాప దులిపింది. ఆ రాత్రి కుట్లు విప్పలేదు. పెరంబూర్లో మామ ఎవరితో ఉన్నాడో, పిల్లలున్నారో లేదో మేం అడగలేదు. తర్వాత చాలా ఏళ్లకి ఆయన అక్కడే పోయాడు. అత్త ఒక్కతే వెళ్లి సాయంత్రానికి వచ్చి, సగం కుట్టిన జాకెట్టు పూర్తి చేసిందని బావ చెప్పాడు.

సెలవులయ్యాక నెల్లూరు వచ్చాను. నాయనమ్మ అరుగు మీద కూర్చోబెట్టుకుని, "ఏందిరా, మీ మామ ఉత్తరం ఏమన్నా వచ్చిందా బొంబాయి నుంచి?" అంది.

"వచ్చింది నాయనమ్మా. అక్కడ వానలు మొదలయ్యాయంట" అన్నాను.

వానల సంగతి నేనే కలిపాను. అబద్ధానికి ఒక చిన్న అక్కర్లేని వివరం తోడైతే బాగా నిలబడుతుందని పుస్తకాల్లో చదివాను మరి.

మరుసటేడు బయల్దేరుతుంటే నాయనమ్మ ఆవకాయ జాడీ పక్కన ఇంకో చిన్న జాడీ పెట్టింది. "ఇది మీ మామకి. మీ అత్తకియ్యి. ఎంత దూరంలే, ఎవురో ఒకరు అటు పోతానే ఉంటారు" అంది.

తల ఊపి జాడీ తీసుకున్నాను. గూడూరు దాటాక గాని ఆ మాట నా బుర్రకెక్కలేదు. ఎంత దూరంలే.

అత్తకి జాడీ ఇచ్చాను. ఆ మాట మాత్రం ఇవ్వలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, బావకి కూడా.

*

కాలేజీ రోజుల్లో అత్త కళ్లు మందగించాయి. సూదిలో దారం మేమే ఎక్కించాలి. నేను రాయపేట వైపు ఒక అద్దె లైబ్రరీనుంచి ఇంగ్లీషు నవలలు తెచ్చి రాత్రుళ్లు తెలుగులో చెప్పేవాణ్ని. డాఫ్నీ డ్యూ మారియే 1938లో రాసిన 'రెబెక్కా' చెప్పడానికి మూడు రాత్రులు పట్టింది. పెద్ద బంగళా, చనిపోయిన మొదటి భార్య, ఆమె సామాన్లు కదలనివ్వని పనిమనిషి, కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి. ఆ అమ్మాయే కథంతా చెబుతుంది.

రెండో రాత్రి అత్త ఆపింది. "ఆ పిల్ల పేరేందిరా?"

పేజీలు తిరగేశాను. ముందుకి, వెనక్కి. అప్పటికే ఒకసారి పూర్తిగా చదివినవాణ్ని, నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఆ నవల్లో ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఆ సంగతి చెప్పాను.

"పేరు లేకుండానే కాపురం చేసిందా" అంది అత్త. కాసేపు మిషన్ చక్రం చేత్తో ఊరికే తిప్పింది. "సరే, చెప్పు."

మొన్న మనవరాలికి చెప్పిన పేర్లలో ఇదొకటి. ఇంకోటి అగాథా క్రిస్టీ 1926లో రాసిన రోజర్ ఆక్రాయిడ్ హత్య కథ. దాని గురించి ఇంతకంటే ఒక్క మాట చెప్పినా కుట్లు విప్పినట్టే. ఎవరైనా దాని ముగింపు చెప్పబోతే చెవి కొరకమన్నాను. మా చెల్లెలి కథ కూడా చెప్పాను. వేసవి కాస్త చల్లబడ్డాక ఏదైనా పాత యుగంధర్ నవల చదువు అన్నాను.

"తెలుగు చదవడం రాదు కదా తాతా నాకు" అంది.

ఆ సంగతి నేను మర్చిపోయాను. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. బడిలో తమిళం, ఇంగ్లీషు. మద్రాసు తెలుగువాళ్ల ఇళ్లలో ఇదేమీ వింత కాదు. అయినా ఆ పెట్టె ముందు కూర్చుని వింటే ఎలాగో ఉంది. నలభై, యాభై పుస్తకాలు, ఇంట్లో చదవగలిగింది బావ ఒక్కడు. బావకేమో శుక్లాలు.

మర్నాడు పొద్దున పుస్తకాలు ఎండలో పెడదామని అన్నీ పైకి మోశాం. మిద్దె అదే. చుట్టూ అపార్టుమెంట్లు లేచి గాలి తగ్గింది. ఒక్కొక్కటి దులిపి పరుస్తుంటే ఆ పిల్ల ఒకదాన్ని పట్టుకుని "తాతా, ఇది ఓపెన్ అవట్లేదు" అంది.

అట్ట లేదు. మొదటి పేజీ లేదు, రాసిందెవరో తెలియదు. చివరి పది పేజీలు అంచు వెంబడి తెల్ల దారంతో కుట్టి ఉన్నాయి. దారం పసుపెక్కింది. బావ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వాడు మాట మారుస్తున్నట్టు, "కాఫీ తెస్తానుండు" అని కిందికి పోయాడు.

"లోపల ఏముంది?" అంది.

"ముగింపు."

"ఎందుకు కుట్టేశారు?"

"మొదట్నుంచి చదివి చెప్తాను. రెండు రాత్రులు పడుతుంది. ఎవరెవరు అబద్ధం చెప్పారో లెక్కపెట్టుకోవాలి నువ్వు."

సరేనంది. అని, నేను అటు తిరగగానే పుస్తకం ఎండకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, కుట్ల సందుల్లోంచి తొంగి చూస్తోంది. ఒక్క అక్షరం రాదు.

మేమూ అలాగే చూసేవాళ్లం. కనపడదు.